తలుపు బయట నాలుగు నిమిషాలు

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. కెనడాలో మేముండే ఏజాక్స్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న ఆరేడు తెలుగు కుటుంబాలు వస్తాయి. నడిపించేది నేనే. గత శీతాకాలం నుంచి ఒకతను ఒంటరిగా రావడం మొదలుపెట్టాడు. నలభై దాటిన మనిషి, కరీంనగర్ వైపు వాడు, ఇక్కడ వేర్‌హౌస్‌లో పని. బస్సులో వచ్చేవాడు. రెండు నెలలకే బాప్తిస్మం తీసుకుంటానని పాస్టర్ గారిని అడిగాడు.

నాకు అనుమానం వచ్చింది. దేవుడు తనకు చేసిన మేలు గురించి అతను సాక్ష్యం చెప్పడు, ఎవరితోనూ పెద్దగా కలవడు, పీఆర్, అంటే ఇక్కడి శాశ్వత నివాస హక్కు, ఇంకా రాలేదు. బాప్తిస్మం సర్టిఫికెట్టు, మతం మారానని చూపి ఇక్కడ ఉండిపోవడానికి పెట్టే ఏ అప్లికేషన్‌కో జతచేయడానికే అనుకున్నాను. దానికి మనసులో, దొంగ భక్తిని పసిగట్టే వరమన్నట్టు, ‘ఆత్మల వివేచన’ అని పేరు కూడా పెట్టుకున్నాను.

మా ఇంటి బెల్లుకు కెమెరా ఉంది. ఎవరైనా మెట్లెక్కితే ఫోన్‌కు వీడియో వస్తుంది. ఒకరోజు మార్కమ్‌లోని ఆఫీసులో భోజనం చేస్తూ, పక్కవాళ్లకు వినబడకుండా శబ్దం ఆపేసి పాత వీడియోలు చూశాను. చాలా శనివారాలు అతను అందరికంటే ముందు వచ్చి, బెల్ నొక్కకుండా తల వంచుకుని నిలబడ్డాడు. ఒకసారి నాలుగు నిమిషాలు, మంచు కురుస్తుండగా. ఇంకోసారి మెట్లు దిగి వెళ్లి మళ్లీ వచ్చాడు. మా ఇంట్లో మాటలు వింటున్నాడని తేల్చుకున్నాను.

ఆ వారమే పాస్టర్ గారు ఫోన్ చేశారు. “మీ ఇంటికొస్తున్నాడు కదా బ్రదర్, ఎలాంటివాడు? ఈస్టర్‌కి బాప్తిస్మం ఇచ్చేద్దామా?”

“కొంచెం ఆగుదామండి. నాకెందుకో మనసొప్పట్లేదు.”

“మీరు చెప్తే ఆగుదాం.”

మాలో ఒక అలవాటుంది. ముఖాన అనలేని మాటను కళ్లు మూసుకుని దేవుడితో అంటాం. ఆ శనివారం నేనూ అదే చేశాను. “పేపర్ల కోసం నీ నామాన్ని వాడుకునేవాళ్లు మా మధ్య ఉంటే బయటపెట్టు ప్రభువా” అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. అతను కూడా.

అందరూ వెళ్లాక నా భార్య అడిగింది. “ఆ ప్రార్థన దేవుడికా, ఆయనకా?”

“అందరి కోసం చేశాను.”

“మిగతా అందరికీ పీఆర్ ఉందిగా.”

తర్వాతి శనివారం అతను రాలేదు. దొరికిపోయాడు కాబట్టి రాలేదనుకున్నాను. పాస్టర్ గారికి పంపుదామని ఇంట్లో మళ్లీ ఆ వీడియోలు తెరిచాను. ఈసారి శబ్దం ఉంది.

వినిపించింది నా గొంతు. మా అబ్బాయి మీద అరుస్తున్నాను. ఇక్కడ రాయలేని మాటలు. “డాడ్, ప్లీజ్ స్టాప్” అంటున్నాడు వాడు. “మనుషులొచ్చే టైమైంది, గొంతు తగ్గించండి” అంటోంది నా భార్య. లోపల సద్దుమణిగాక అతను బెల్ నొక్కాడు. తలుపు తెరుచుకుంది. “ప్రైజ్ ది లార్డ్ బ్రదర్, రండి రండి” అని తేనె పూసిన గొంతు, అదీ నాదే. “ప్రైజ్ ది లార్డ్ అన్నా, ఇప్పుడే వచ్చిన” అన్నాడతను.

మిగతావీ విన్నాను. నేను అరవని శనివారాల్లో అతను రాగానే బెల్ నొక్కాడు.

మర్నాడు అతను అద్దెకుంటున్న బేస్‌మెంట్‌కు వెళ్లాను. టీ పెట్టిచ్చాడు. క్షమించమని అడిగాను.

“కండ్లు మూసుకున్న గని, నన్నే అంటున్నవని తెల్సింది అన్నా.”

“మరి ఆమెన్ అన్నారేంటి?”

“అందరన్నరు. నేనొక్కణ్ణి అనకపోతే దొరికిపోత కద.” నవ్వాడు, కానీ ఎక్కువసేపు నవ్వలేదు. “పాస్టర్ గారు ఆగమన్నరు. నీ మాటేనా?”

“నా మాటే.”

“అయితే నువ్వే చెప్పు. ఎందుకాగమన్నవో అది గూడ చెప్పు.”

కారులో కూర్చుని పాస్టర్ గారికి ఫోన్ చేశాను. అనుమానం సంగతి తేలిగ్గానే చెప్పేశాను. తలుపు లోపల ఏం జరిగేదో చెప్పడానికి చాలాసేపు పట్టింది.

“ఈస్టర్‌కి ఆయన పేరు రాసుకుంటున్నాను” అన్నారు చివరికి. “మీ అబ్బాయితో మాట్లాడారా?”

“ఇంకా లేదండి.”

“మాట్లాడండి. కూడిక కొన్నాళ్లు వేరేవాళ్లు నడిపిస్తార్లెండి.”

“అలాగేనండి” అన్నాను. ఆ మాట వినయంతో అన్నానో, వినయంగా వినబడాలని అన్నానో నాకిప్పటికీ తెలియదు.