దలెందా వేలికి బేయా ఉంగరం

దలెందాకు ఎవరు ఎదురైనా చేయి కలపడం అలవాటు. కలిపిన చేయి అక్కడితో ఆగదు. రెండు వేళ్లు మెల్లగా మణికట్టు మీదికి జారి, బొటనవేలి కింద ఒక చోట నిలుస్తాయి. కళ్లు మాత్రం ఎదుటి మనిషి ముఖం మీదే ఉంటాయి. పిల్లలెలా ఉన్నారు, ఇవాళ చేపలేమైనా పడ్డాయా అని అడుగుతూనే ఉంటుంది. పావు నిమిషమయ్యాక చేయి వదులుతుంది. రొట్టెల బట్టీ హెష్మీకి గుండె జబ్బు. రోజూ పొద్దున ఆమెకు రొట్టె ఇస్తూ చేయి కూడా చాపుతాడు. "చూడక్కా, నా ఉంగరం అబద్ధమాడుతోందేమో," అంటాడు. ఒకప్పుడు ఆ మాటకు ఆమె నవ్వేది. ఇప్పుడు నాడి లెక్కపెట్టి, రొట్టె తీసుకుని వెళ్లిపోతుంది.

మహ్దియా పాతబస్తీలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా వీధిలో, నా వయసు వాళ్లందరికీ మొదటి సూది వేసింది దలెందాయే. ఇరవై తొమ్మిదేళ్లు ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసింది. డ్యూటీ దిగాక గోధుమరంగు సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఎవరు మందులెక్కడ పెట్టుకుంటారో, ఎవరు మాత్ర మింగినట్టు నటించి పూలకుండీలో పారేస్తారో ఆమెకు తెలుసు. ఆమె సంచీ తెరిచే లోపే మేం ఏడుపు మొదలుపెట్టేవాళ్లం. "ఏడు, గట్టిగా ఏడు. ఊపిరితిత్తులు ఎంత బాగున్నాయో మీ అమ్మ వింటుంది," అనేది.

ఆమె ఉద్యోగం చివరి ఏళ్లలో ఉంగరాలు వచ్చాయి. షుగరు, గుండె జబ్బు ఉన్న ప్రతివారికీ ఒకటి. వేలికి ఉన్నంతసేపూ అది రక్తంలోని చక్కెరనూ నాడినీ గమనిస్తుంది. అంతా సరిగా ఉంటే చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. తేడా వస్తే చుక్క ఎర్రబడి, కీచుమని మోగి, పావుగంటలోపే వాకిట్లోకి అంబులెన్సు వస్తుంది. ఉంగరం తీసి పక్కన పెడితే గంటకల్లా కేంద్రం నుంచి ఫోను. మాట్లాడేది మనిషి కాదు గానీ మర్యాదగానే మాట్లాడుతుంది. ఇళ్లకు తిరిగే నర్సులతో ఇక పనిలేకపోయింది. దలెందాకు పూలగుత్తి ఇచ్చి, రెండేళ్లు ముందుగానే ఇంటికి పంపారు. ఉంగరాల వల్ల బతికినవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు, హెష్మీతో సహా. ఆ సంగతి దలెందా కాదనేది కాదు. "బతికిస్తుందిలే. కూర్చుని కాఫీ తాగి కష్టసుఖాలు వింటుందా మరి?" అనేది.

ఆమె పక్కిల్లు బేయాది. బేయా పెళ్లికూతుళ్ల దుస్తులకు జరీపని చేసేది. భర్త పోయాడు, కూతురు రౌదా సూస్ పట్నంలో టీచరు. రెండు డాబాల మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. పదకొండేళ్లు రెండు పూటలా బేయాకు ఇన్సులిన్ సూది వేసింది దలెందా. తర్వాత సూదులు పోయి వారానికొక మాత్ర వచ్చింది, ఉంగరం వచ్చింది. సూది లేకపోయినా ఆ వేళకు ఇద్దరూ గోడ దగ్గరికి చేరేవాళ్లు.

మూడేళ్ల కిందట రంజాన్ నడివేసవిలో వచ్చింది. ఉపవాసం ఉండకూడదని బేయాకు డాక్టరు అంతకుముందు ఏడాదే చెప్పాడు. ఆ ఏడు మాట విన్న మనిషి ఈసారి వినలేదు. మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి చక్కెర డెబ్భై కిందికి దిగింది. ఉంగరం మోగింది. అంబులెన్సులో వచ్చిన కుర్రవాళ్లు వీధంతా చూస్తుండగా ఆమెకు తియ్యటి నీళ్లు తాగించి ఉపవాసం విరమింపజేశారు. బేయా రెండు రోజులు గడప దాటలేదు. మూడోనాటి సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి అరచేయి తెరిచింది. అందులో ఉంగరం ఉంది.

"ఏమే, ఉన్న ఒక్క కిడ్నీతో నువ్వు ఉపవాసం ఉండవు కదా," అంది.

"ఉండను. ఉపవాసానికి బదులు రోజుకొక బీదవాడికి భోజనం పెడుతున్నా. నువ్వూ పెట్టు. దేవుడు నిన్నొక్కదాన్నే కాదంటాడా?"

"పోయినేడు ముప్పై రోజులూ పెట్టాను. ఇఫ్తార్ వేళ అందరితో పాటు కూర్చుంటే నాకు ఆకలి లేదు దలెందా. నా బల్ల దగ్గర నేనే చుట్టాన్నయ్యాను." ఉంగరం ముందుకు చాపి, "ఇది నీ వేలికి పెట్టుకో. మధ్యాహ్నం నువ్వు తింటావు, అది సంతోషిస్తుంది," అంది.

వద్దనాల్సిందని దలెందా నాతో చాలాసార్లు అంది. వీధి ముందు తల వంచుకున్న స్నేహితురాలి ముఖం చూడలేక ఒప్పుకున్నానని మొదట్లో చెప్పేది. అది నిజమే. ఇంకో నిజం బయటపెట్టడానికి ఏడాది పట్టింది. తనను ఇంటికి పంపిన ఆ ఉంగరాన్ని ఒక్కసారి వెర్రిదాన్ని చేయాలని ఆమెకు అనిపించింది. అది తన వేలికి పెట్టుకుని ఆకుపచ్చగా వెలుగుతుంటే, ఎన్నాళ్లకో కడుపు చల్లబడిందట.

అయినా షరతు పెట్టింది. "ఇవాళ్టి నుంచి నీ ఉంగరం నేనే. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక అసర్ నమాజు వేళ ఒకసారి వచ్చి వేలు గుచ్చి చూస్తా. డెబ్భై కిందికి దిగితే నోరు మూసుకుని ఖర్జూరం తినాలి."

"నోరు మూసుకుని ఎలా తినను?" అంది బేయా.

సంచీలోంచి పాత మీటరు బయటికొచ్చింది. దలెందా రోజూ రెండుసార్లు బేయా ఇంటికి వెళ్లింది. రెండు రోజులు ఖర్జూరం తినిపించింది. బేయా మూతి ముడుచుకున్నా తింది. నెల సగంలో కేంద్రం నుంచి సందేశం వచ్చింది. బేయా గారి చక్కెర ఎన్నడూ లేనంత అదుపులో ఉందని, ఇలాగే శ్రద్ధ తీసుకోవాలని. డాబా మీద ఇద్దరూ గోడ పట్టుకుని మరీ నవ్వారు. "చూశావా, నా వేలు ఎంత బుద్ధిమంతురాలో," అంది దలెందా. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ఆమె ముఖం పక్కకు తిప్పుకుంటుంది.

ఇరవై నాలుగో రోజు. మా వీధిలో పండగ మిఠాయిలు ఇంట్లో కాల్చరు. చేసి పళ్లేల్లో పేర్చి హెష్మీ బట్టీకి పట్టుకెళతారు. ఆ రోజు మధ్యాహ్నం బేయా చక్కెర తొంభై నాలుగు. దలెందా నిశ్చింతగా ఆరు పళ్లేల బాదం మిఠాయి తీసుకుని బట్టీకి వచ్చింది. అందులో రెండు బేయావి. వరస పొడవుగా ఉంది. ఆమె వెనక ఉన్నది నేనే. అసర్ బాంగు వినిపించగానే ఆమె లేచింది. "ఇప్పుడు వెళితే వరస పోతుంది పిన్నీ," అన్నాను. మీ చోటు నేను చూస్తానని అనాల్సింది. అనలేదు.

ఆమె ఒక్క క్షణం నిలబడి తన చేతి వంక చూసుకుంది. ఉంగరం మీద ఆకుపచ్చ చుక్క. "బాగానే ఉందిలే," అని మళ్లీ కూర్చుంది.

ఎవరు బాగున్నారనుకుందో అప్పుడు నాకు తెలియదు. ఆ వేలు ఆమెది. ఆ చుక్క చెప్పేది ఆమె చక్కెర సంగతి. ఇరవై రోజులుగా తాను ఆడుతున్న నాటకమే ఆ క్షణం ఆమెకు గుర్తు రాలేదు. "అన్నేళ్లు మనుషుల నాడి పట్టుకున్నదాన్ని, ఒక దీపాన్ని చూసి కూర్చుండిపోయాను," అని తర్వాత చెప్పింది.

ఇఫ్తార్‌కు అరగంట ముందు ఆమె పళ్లేలతో బేయా ఇంటికి వెళ్లింది. వంటగది నేల మీద బేయా పక్కకు ఒరిగి ఉంది. పీట మీద పరిచిన పిండి రేకులు ఎండి అంచులు పైకి లేచాయి. మీటరు ముప్పై కంటే తక్కువ చూపించింది. ఎంత పిలిచినా పలకలేదు. దలెందా తన వేలి ఉంగరం లాగి బేయా వేలికి తొడిగింది. తొడిగీ తొడగగానే అది ఎర్రబడి కీచుమంది. పన్నెండు నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది.

బేయా బతికింది. కానీ మెదడు చాలాసేపు చక్కెర లేకుండా ఉండిపోయిందని డాక్టర్లు చెప్పారు. కుడిచేయి పడిపోయింది. మాటలు పోయాయి. మనుషుల్ని పోల్చుకోవడం పోయింది.

ఆరోగ్య కేంద్రం నుంచి రౌదాకు క్షమాపణ ఉత్తరం వచ్చింది. ఉంగరంలో లోపం ఉండవచ్చని, కొత్తది పంపుతున్నామని రాశారు. దలెందా ఆ ఉత్తరం చదివి తిన్నగా కేంద్రానికి వెళ్లింది. ఒకప్పుడు తను కూర్చున్న బల్ల దగ్గర ఇప్పుడు ఫోనులో మాట్లాడే ఆ గొంతు మాత్రమే ఉంది. లోపం ఉంగరానిది కాదు, నాది అని, జరిగిందంతా దానికి మొదటి నుంచీ చెప్పింది. విలువైన సమాచారం ఇచ్చినందుకు అది కృతజ్ఞతలు తెలిపింది. ఆమె బయటికొచ్చి, సూస్ రైలెక్కింది.

రౌదా అంతా విన్నది. కేకలేస్తుందని, వెళ్లిపొమ్మంటుందని దలెందా అనుకుంది. అవేవీ జరగలేదు. రౌదా, "మా అమ్మే అడిగి ఉంటుందిలే పిన్నీ. ఆవిడ నన్నడిగి ఉంటే నేను కాదనేదాన్ని," అంది. ఆ రెండో మాట దలెందాతో ఇప్పటికీ ఉంది. పండగ మిఠాయి ఆమె మళ్లీ చేయలేదు.

బేయా ఇప్పుడు సూస్‌లో కూతురి ఇంట్లో ఉంటోంది. వేలికి కొత్త ఉంగరం ఉంది. ప్రతి గురువారం దలెందా పొద్దున్నే ఏడింటి రైలుకు వెళుతుంది. ఉంగరం వంక చూడకుండా ఆమె మణికట్టు పట్టుకుని నిమిషం నిండా లెక్కపెడుతుంది. మధ్యాహ్నం అన్నం తినిపించి, నాలుగింటి రైలుకు తిరిగొస్తుంది.