శొంఠినీళ్ళ కోసం ఆగే చోటు

మా ఆయన పోయాక ఆ పది రోజుల్లో మా బరాకుకు చాలామంది వచ్చారు. వాళ్ళలో ఆయన కోసం వచ్చినవాళ్ళు తక్కువ. అందరూ రాణీగారి కోసం వచ్చారు.

పగలు రేవులో బియ్యం బస్తాలు మోసే ఆ మనిషి, ఆట ఉన్న రోజున చీర కట్టి నాటకంలో రాణి అయ్యేవాడు. ఆడవాళ్ళు నాటకం ఎక్కని కాలం అది. కథలో రాణి మొగుడు యుద్ధంలో చచ్చిపోతాడు. శవం మీద పడి ఆవిడ ఏడ్చే ఏడుపు ఒకటుంది. రంగూన్‌లో ఉన్న మన కూలీజనమంతా, కొట్లు పెట్టుకున్న షావుకార్లతో సహా, ఆ ఏడుపు కోసమే వచ్చేవారు. తామ్వే నుంచి నడిచి వచ్చేవారు. ట్వంటే నుంచి పడవలో వచ్చి, నేల మీద గోనెలు పరుచుకుని కూర్చునేవారు.

వాళ్ళే ఇప్పుడు మా గుమ్మంలో కూర్చుని తలుచుకున్నారు.

"ఆ కళ్ళేటి, ఆ నడకేటి! మరలాటి రాణి పుట్టదు బావూ" అన్నాడు రేవు మేస్త్రీ.

చచ్చినవాడి కళ్ళు చారెడని పెద్దలు ఊరికే అనలేదు. మా ఆయనవి చింతగింజలంత కళ్ళు. నేను ఎదురుగా కూర్చుని కాటుక చెవుల దాకా లాగితేనే అవి చారెడయ్యేవి. భుజం మీద బస్తాల కొక్కెం గీరిన మచ్చ ఉండేది. బర్మా ఆడవాళ్ళు బుగ్గలకు రాసుకునే తనకా గంధం దట్టంగా పూసి దాన్ని నేనే కప్పేదాన్ని. ఆ మచ్చ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకెలా తెలుస్తుంది? నాకు మాత్రం అదే కళ్ళముందు ఆడుతూ ఉండేది.

ఆర్మోనియం వాయించే ఆయన అదే వానల్లో, అదే జ్వరంతో, ముందే పోయాడు. ఆ కబురు వచ్చిన రోజు మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంక నాకు సుతి ఎవుడిత్తాడే" అన్నాడు. నెల తిరక్కుండా తనూ మంచమెక్కాడు, మళ్ళీ దిగలేదు. వచ్చినవాళ్ళంతా ఇద్దరినీ కలిపి తలుచుకునేవారు. పైన కూడా జట్టు కట్టేసి ఉంటారని నవ్వేవారు, నవ్వి కళ్ళు తుడుచుకునేవారు. నేను చూస్తూ కూర్చునేదాన్ని.

నాకు ఏడుపు రాలేదు. శవాన్ని తీసుకెళ్ళినప్పుడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కంట చుక్క లేదు. ఆకలి లేదు, కోపం కూడా లేదు. నాకు కోపం లేకపోవడమంటే నన్నెరిగినవాళ్ళు నమ్మరు. బయస్కోపు కొత్తగా వచ్చినప్పుడు మా ఆయన నన్ను తీసుకెళ్ళాడు. తెర మీద ఒకావిడ ఏడుస్తోంది, నోరు కదులుతోంది, గొంతు వినబడదు. "ఇదేటి ఏడుపే, మూగేడుపు" అని దారంతా విసుక్కున్నాడు. ఆ పది రోజులూ నాకు మనుషులంతా ఆ తెర మీద ఉన్నట్టే ఉన్నారు.

పక్కగదిలో, అక్కలా అందరూ అప్ప అని పిలిచే ఒకావిడ ఉండేది. నాకంటే చాలా పెద్దది, మొగుణ్ణి ఈ రేవులోనే పోగొట్టుకున్న మనిషి. ఆ పది రోజులూ నాకు వండి పెట్టింది ఆవిడే.

"ఏడవ్వే తల్లీ. ఏడిత్తేగాని మనిషి గడప దాటడు. ఇక్కడే తచ్చాడతాడు. నీ మీద నోకం ఏటేటో అంటన్నాది" అంది ఒక మధ్యాహ్నం.

"ఏమంటోంది?"

"మొగుడు ఆడేసం కడతాడని నీకు సిన్నతనమట. పీడ పోనాదని కూసున్నావట."

ఆ మాటకు మరో రోజైతే బరాకు పైకప్పు లేచిపోయేది. ఆ రోజు "అనుకోనీ" అన్నాను. కానీ లోపల ఒక భయం పట్టుకుంది. అది లోకం భయం కాదు. ఆయన కోసం నా దగ్గర ఏమీ లేదేమో, ఒక్క చుక్కైనా లేదేమో అని. ఏడ్వాలని కళ్ళు మూసుకుంటే చాలు, రాణి ఏడుపే చెవిలో వినిపించేది. దాని వెనకాలే ఆయన గొంతు: "అన్నం పొంగుతున్నాదే, సూడు."

ఆ ఏడుపు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆయనకు చదువు రాదు. సముద్రం దాటకముందు మిషను బడిలో నాకు అక్షరాలు వచ్చాయి కాబట్టి పద్యాలు చదివి పట్టించేది నేనే. ఏడుపు మాత్రం పుస్తకంలోది కాదు. బరాకుల్లో ఎవరు పోయినా వెళ్ళి ఓ మూల కూర్చునేవాడు. మన ఆడవాళ్ళు శోకాలు పెడుతుంటే వినేవాడు. ఒకావిడ దగ్గర ఎత్తు, ఇంకొకావిడ దగ్గర వంపు పట్టుకొచ్చి, ఆర్మోనియం మీద సరిచేయించుకుని పాడాడు. విన్నాక మా ఆడవాళ్ళకు తమ ఏడుపు కంటే అదే బాగుందనిపించింది. కొన్నాళ్ళకు ఎవరింట్లో చావైనా ఆ రాణిలాగే రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు.

అందులో ఒక చోటుంది. "నన్నెవరికి అప్పగించి పోతివి" అని గొంతు పైకి, ఇంకా పైకి తీసి, అక్కడ ఆగిపోయేవాడు. జనం ఊపిరి బిగబట్టేవారు. దుఃఖం గొంతుకు అడ్డం పడిందని ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవారు. చాలాసేపు ఆగి, మళ్ళీ సన్నగా ఎత్తుకునేవాడు. రంగూన్ అంతా చెప్పుకున్నది ఆ ఆగడం గురించే.

దుఃఖమూ లేదు, నా మొహమూ లేదు. అంత ఎత్తుకు పోయేసరికి ఆయన గొంతు ఆరిపోయేది. ఇంట్లో సాధన చేసేటప్పుడు సరిగ్గా అక్కడ ఆగి, కళ్ళు తెరవకుండా కుడిచెయ్యి చాపేవాడు. నేను శొంఠి, మిరియాలు వేసి మరిగించిన నీళ్ళు చెంబుతో ఆ చేతిలో పెట్టేదాన్ని. గోరువెచ్చగా ఉండాలి, చల్లారితే పనికిరావు. రెండు గుక్కలు తాగి మళ్ళీ అందుకునేవాడు. అలవాటు పడ్డ గొంతు ఆట మీద కూడా అక్కడే ఆగేది. "జనం ఏడుత్తున్నారే, నాను నీల్ల కోసం సూత్తన్నాను" అని ఇంటికొచ్చి పడీపడీ నవ్వేవాడు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

పదోరోజు, పెద్దదినం వచ్చింది. మగవాళ్ళు పిండాలు పెట్టడానికి పొద్దున్నే పజుండౌంగ్ కాలువ ఒడ్డుకు వెళ్ళారు. ఇక్కడ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పువ్వులు తురిమి, మోచేతుల దాకా గాజులు వేశారు. తీసెయ్యడానికే ఆ ముస్తాబంతా. ఎవడు పెట్టాడో ఈ ఆచారం, వాడి చేతులు విరిగిపోను.

ఇంతలో నాటకాల జట్టు పెద్దాయన కాలువ నుంచి పరుగున వచ్చాడు.

"కాకి ముట్టడం నేదు" అన్నాడు.

రంగూన్‌లో కాకులకు కరువా! అన్నం మూత తీస్తే చేతి మీద వాలతాయి. అటు తాకేటా వైపు నుంచి కూడా గుంపులుగా వచ్చి ఒడ్డున కూర్చున్నాయట. పిండం మాత్రం ఒక్కటీ ముట్టలేదట.

అందరూ నా వైపు చూశారు. అప్ప నా గెడ్డం పట్టుకుంది.

"ఓలమ్మా, నీ కన్నీరు కోసమే సూత్తన్నాడే. ఒక్కపాలి ఏడు. మేం ఎత్తుకుంటాం, నువ్వు అందుకో."

ఆడవాళ్ళు నా చుట్టూ చేరి శోకం ఎత్తుకున్నారు. ఏ శోకం ఎత్తుకుంటారు? వాళ్ళకు వచ్చింది అదే. రాణి ఏడుపుతో రాణినే ఏడ్చారు. ఎవరికీ తప్పనిపించలేదు. అవే ఎత్తులు, అవే వంపులు. నాకు ఏమీ అనిపించలేదు. ఈవిడ శ్రుతి తప్పిందే, ఆర్మోనియం ఆయన ఉంటే ఒప్పుకునేవాడు కాదే అనుకుంటూ కూర్చున్నాను. గొంతులన్నీ పైకి, ఇంకా పైకి వెళ్ళాయి. ఆ చోటు వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఆగారు, ఆయన ఆగినట్టే.

నేను లేచాను.

ఆ రోజు తెల్లారగానే శొంఠినీళ్ళు మరిగించి పొయ్యి మీదే ఉంచాను. ఏడ్చి ఏడ్చి గొంతులు పోయినవాళ్ళకు కాబోలని అప్ప అనుకుంది. ఎందుకు మరిగించానో నాకూ తెలియదు. పొయ్యి దగ్గర్నుంచి చెంబులో పోసుకుని, గాజుల చేతులతో తెచ్చి, ఆడవాళ్ళ మధ్యలో నిలబడ్డాను. ఏ చెయ్యీ చాపి లేదు.

"ఎవులికే ఆ నీళ్ళు?" అంది అప్ప మెల్లగా.

చెంబు ఇంకా గోరువెచ్చగానే ఉందా అని నేను అరచేత్తో తడిమాను.

"అలా నిలబడకూడదే. తాగీ, తాగీసి కూసో."

చెంబు ఎత్తి గటగటా తాగాను. ఆయనకు తప్ప ఇంకెవరికీ ఆ ఘాటు పడదు. మిరియం గొంతుకు అడ్డం పడి పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, ముక్కు కారింది, కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారి పసుపంతా చెదిరిపోయింది.

"ఏడిసింది! ఏడిసిందర్రా!" అని అప్ప కేక పెట్టింది. జట్టు పెద్దాయన ఆ మాట పట్టుకుని కాలువ వైపు పరుగెత్తాడు. అప్ప నన్ను గుండెకు అదుముకుని, ఏ రాగమూ లేకుండా, ముసలి గొంతుతో భోరున ఏడ్చింది. ఎవరో నా మణికట్టు పట్టుకుని గాజులు కొట్టడం మొదలుపెట్టారు.

కాసేపటికి కాలువ వైపు నుంచి కబురు వచ్చింది, కాకి ముట్టిందని. మిరియాల ఘాటుకు కారిన నీళ్ళు చూసి అందరూ దుఃఖమనుకున్నారు. ఆయన దాహాన్ని రంగూన్ అంతా దుఃఖమనుకున్నట్టే. నాకు నవ్వొచ్చింది. ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వుతాడని, చెప్పడానికి ఆయన కూర్చునే గోడ వైపు తిరిగాను.