చామంతి మడులకు లైట్లు

మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను. సిరీస్, ప్యారలల్ అంటూ ఏటా పిల్లలకు చెప్పీ చెప్పీ, ఆ సంగతిలో నన్ను మించినవాడు లేడనే పొగరు తలకెక్కింది. నోటి దురుసు మాత్రం పుట్టుకతోనే ఉంది.

ముడిమ్యాలలో మా అక్క మొదటిసారి అరెకరంలో చామంతి వేసింది. మాఘమాసం పెళ్లిళ్లకు పూలు అందకపోతే ఆ పొలం చెక్కను ప్లాట్లవాళ్లకు ఇచ్చేస్తానని బావ ముందే తేల్చేశాడు. రాత్రులు పొడవైతే చామంతి తొందరపడి మొగ్గ వేస్తుంది. అందుకే చీకటి పడ్డాక మడుల మీద లైట్లు వెలిగించి దాన్ని ఆపుతారు.

తడి నేలలో షాక్ కొట్టకుండా అడాప్టర్ మీద నడిచే చిన్న ఎల్ఈడీలు తెచ్చాను. పక్క చేనులో లాగా రెండు వైర్లు లాగి, ప్రతి లైటునూ వాటికి విడివిడిగా కలపమంది అక్క. అంత వైరు దండగని నవ్వి, మడికి ఎనిమిది చొప్పున ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపేశాను. ఒకటి మాడితే ఎట్లా అని అడిగింది. లెక్క వేసే చేశానని, దేన్నీ ముట్టుకోవద్దని కసిరాను.

కాలేజీలో ల్యాబ్ పరీక్షలు వచ్చి ఇరవై రోజులు అటు పోలేదు. వెళ్లేసరికి గట్టు పక్కన రెండు మడుల్లో కొమ్మ కొమ్మకూ మిరియాలంత మొగ్గలు. స్విచ్ వేసి చూస్తే ఆ రెండు వరుసలూ వెలగలేదు. ఒక్కో వరుసలో ఒక్క ఎల్ఈడీ మాడి, మిగతా ఏడింటినీ ఆర్పేసింది.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. అక్క కలుపు తీస్తూనే చెప్పింది.

"నువ్వు పోయిన మూడోనాడే చూసిన తమ్మీ. మొగ్గ పడతదని ఎరికే. ఫోన్ చేస్తే మళ్ల కసురుతవని ఊకున్న."

చేను పోతుందని తెలిసి కూడా నా నోటికి భయపడింది. సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను.

ఆ రోజంతా కూర్చుని అడాప్టర్లు మార్చి, అన్ని మడులకూ ఆమె చెప్పినట్టే ప్యారలల్‌లో కలిపాం. ఆ రెండు మడులూ, ఊరంతా చామంతి ఉండి ధర పలకని కార్తీకంలోనే పూసేశాయి. మిగతావి మాఘం దాకా ఆగాయి. ఇంకో ఏడాది చూద్దామన్నాడు బావ.

మొన్న కొత్త మడులకు లైట్లు కడుతుంటే అక్క వచ్చి కాసేపు చూసింది. నా చేతిలోని కటింగ్ ప్లయర్ తీసుకుంది.

"గిట్ల కాదు. తప్పు కలిపినవ్, జర జరుగు."

చూస్తే ప్లస్, మైనస్ తారుమారు చేశాను. జరిగి కూర్చున్నాను. ఆ ఒక్క మాట అనడానికి మా అక్కకు ఏడాది పట్టింది.