వానలో చూపించిన స్థలం

మొన్న తగరపువలస దారిలో కొత్త ప్లాట్లకు ఎవరో సున్నంతో గీతలు వేస్తుంటే, తడిసిన సున్నం వాసనకు నాన్న గుర్తొచ్చారు.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఆయన కూర్మన్నపాలెం దగ్గర పొలాలు కొని, ప్లాట్లు వేసి అమ్మేవారు. మిగతావాళ్లు ఎండపూట కూల్‌డ్రింకు ఇచ్చి స్థలం చూపిస్తే, నాన్న జోరువానలో చూపించేవారు. ఆయనకు బేరం చేతకాదని నాకు సిగ్గుగా ఉండేది.

ప్లాంటులో పనిచేసే అప్పలనాయుడు గారు, ఊళ్లో పొలం అమ్ముకుని ఇల్లు కట్టుకోవాలని వచ్చారు. రోడ్డు పక్క మూల స్థలం మీద మనసు పడ్డారు. వానలో నాన్న వెంట మేం నాలుగడుగులు వేసేసరికి పిక్కల దాకా నీళ్లు.

"ఏటి బావా, స్థలం సూపిత్తానని సెరువులో దించినావు?"

"ఎండలో ఏ భూమైనా బాగానే కనబడతాది బావా. దాని గుణం వానలోనే తెలుస్తాది. ఇది నాను నీకమ్మను."

"రోడ్డు పక్కది కదా, ఎక్కువిత్తాను!"

"పిల్లల్తో నీళ్లల్లో కాపురం సేత్తావేటి? అదిగో, ఆ మెరక మీద కట్టుకో."

మెరక స్థలం చవక. నాన్న చేతికొచ్చిన బేరం పోగొట్టారని ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

తర్వాతి వానకి, ఆ మెరక స్థలమే కొనుక్కున్న అప్పలనాయుడు గారు ఆరుగురు తోటి కార్మికులను వెంటబెట్టుకొచ్చారు. "సూపించు బావా, ఈళ్లకీ తడవాలనుందట!"

ఆ మూల స్థలం నాన్న చివరిదాకా ఎవరికీ అమ్మలేదు. ఎంత వాన కురిసినా ఆ కాలనీలో ఏ ఇంట్లోకీ నీరు రాలేదు. ఆయన కూతురినని చెబితే అక్కడ ఇప్పటికీ నాకు కుర్చీ వేస్తారు.