ఫోటో కోసం కప్పిన దుప్పటి

తెలంగాణ వచ్చిన నాలుగో ఏట, వానాకాలం మొదట్లో నన్ను మర్రిగూడ వైపున్న ఒక ముప్పై పడకల సర్కారు దవాఖానకు హెడ్ నర్సుగా వేశారు. ఊరి పేరు చెప్పను, అవసరం లేదు. అప్పటికే కాన్పుల గదుల్లో నా తల సగం నెరిసింది.

చేరిన రోజే ఒక కొత్త రూలు చెప్పారు. కాన్పు కాగానే తల్లీబిడ్డల ఫోటో తీసి పైఅధికారుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పక్కన నర్సు నవ్వుతూ నిలబడాలి. మంచం మీద మరక కనబడకూడదు. పైవాళ్లు బొటనవేలి బొమ్మ పెడితేనే కాన్పు అయినట్టు, లేకపోతే బిడ్డ ఇంకా కడుపులోనే ఉన్నట్టు! అంతకు ముందు నా చేతుల మీద ఫోటో లేకుండా పుట్టిన వాళ్లంతా మరి ఎట్లా పుట్టారో వాళ్లనే అడగాలి.

మేం నేర్చుకున్న పద్ధతి వేరు. బిడ్డ, మాయ బయటపడ్డాకనే అసలు కాపలా మొదలవుతుంది. మొదటి రెండు గంటలు నర్సు తల్లిని వదిలి కదలకూడదు. మాటిమాటికీ పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి. గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగిలితే ఫికర్ లేదు. మెత్తబడిందంటే లోపలి రక్తనాళాలు మూసుకోలేదని అర్థం, కుళాయి విప్పినట్టు రక్తం పోతుంది. దీనికి మిషన్ అక్కర్లేదు. చెయ్యి, కన్ను ఉంటే చాలు.

కొన్నాళ్లకు ఒక రోజు మంజుల అనే అమ్మాయికి తొలి కాన్పు. పత్తి రైతు ఇంటి కోడలు. ఆడపిల్ల పుట్టింది, ఏ ఇబ్బందీ రాలేదు. కాన్పు చేసింది స్టాఫ్ నర్సు సునీత, పని తెలిసిన మనిషే. నేను వార్డులో ఇంకో పేషెంటును చూసి తిరిగొచ్చేసరికి గదిలో జాతర నడుస్తోంది. మంజుల అత్త ముత్తమ్మ, మహారాష్ట్రలో భివండిలో ఉన్న తన కూతురికి వీడియో కాల్‌లో మనవరాలిని చూపిస్తోంది. "గీ ముక్కు సూడే, అచ్చం నీదే!" అని మురిసిపోతోంది. సునీత తల వంచి ఫోను గీకుతోంది. మొదటి ఫోటోలో మరకలు పడ్డాయని, మంజులకు మెడదాకా ఉతికిన దుప్పటి కప్పి రెండోది తీసిందట. సునీత సిమ్‌కు అక్కడ సిగ్నల్ లేక అది పోవడం లేదు.

"సిస్టరమ్మా, జర చలి పెడ్తాంది," అంది మంజుల.

"ఆఁ," అంది సునీత, తల ఎత్తకుండానే. ముత్తమ్మ కూడా ఫోనులోకి చూస్తూనే "ఆఁ బిడ్డా" అంది.

ఉక్కపోతకు ఫ్యాను కింద మాకే చెమటలు కారుతున్నాయి. చలేమిటి? దుప్పటి లాగిపారేశాను. పరుపు రక్తంతో తడిసి ముద్దయింది. పొట్ట మీద చెయ్యి వేస్తే నానిన పిండిలా ఉంది. నాడి చేతికి సరిగ్గా అందడం లేదు. ఒళ్లు మండిపోయింది నాకు, భయమూ వేసింది.

"ఫోన్లు అవుతల పడెయ్యుండ్రి! మనిషి పోతాంది!" అని అరిచాను.

సునీత ఇంజెక్షన్ కోసం ఉరికింది. డాక్టరు గారు వచ్చి సెలైన్లు ఎక్కించారు. నేను ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి, గర్భసంచిని రెంటి మధ్యా బిగించి పట్టుకున్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. వదిలితే మనిషి దక్కదు. ముత్తమ్మ కిందపడేసిన ఫోనులోంచి భివండి కూతురు మాత్రం "ఏమైందే అమ్మా, బొమ్మ వస్తలేదు" అని అడుగుతూనే ఉంది.

చివరికి గర్భసంచి గట్టిపడింది. 108లో నల్లగొండ పంపితే అక్కడ రక్తం ఎక్కించారు. మంజుల బతికింది.

సునీత స్టోర్‌రూములో కూర్చుని ఏడ్చింది. "నాకు ఇనబడ్డది మేడం. గని మనసు ఫోన్ల ఉండె," అంది. అబద్ధమాడలేదు, అంతవరకు నయం. తిట్టవలసినంత తిట్టాను. కానీ పని తెలిసిన మనిషి కళ్లను తల్లి మీంచి తీసి తెరకు కట్టేసిన మహానుభావులను తిట్టడానికి నా దగ్గర ఏ గ్రూపూ లేదు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. పోయిన రక్తం గురించి కాదు లెండి. ఆ కాన్పు ఫోటో సకాలంలో ఎందుకు పెట్టలేదో సంజాయిషీ ఇమ్మని.

పేషెంటు మాటకు "ఆఁ" అనడం జవాబు కాదు, లేచి చూడడమే జవాబు. నేను నేర్చుకున్నది ఇంతే. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా కాన్పుల గదిలోకి ఎవరి ఫోనూ రానివ్వలేదు. తలుపు బయట ఒక స్టీలు బేసిన్ పెట్టించాను, అందులో పడి మోగేవి.

మెమోకు ఒక్క వాక్యంలో సంజాయిషీ రాసి పంపాను: "ఆ సమయంలో నా రెండు చేతులూ ఖాళీగా లేవు."