మేనత్త ఆజ్ఞ, నోట్లో బొటనవేలు

పిసీలా మనిషి మొహం చూడదు, పళ్ళు చూస్తుంది. నోరు మూసుకుని ఎదురైతే సొంత తమ్ముణ్ణి కూడా గుర్తుపట్టదు.

"ఎవరు బాబూ నువ్వు?"

"నేనక్కా, లోపేటీని."

"ఏదీ, నోరు తెరువు... ఓరి, నువ్వా! ఆ పుచ్చిపన్ను ఇంకా పీకించుకోలేదేంరా?"

టోంగా దేశపు వవావు దీవిలో బడులన్నిటికీ ఆవిడే పళ్ళ నర్సు. చర్చిలో సరిగ్గా పాటల బృందానికి ఎదురుగా కూర్చుంటుంది. భక్తి అనుకునేరు! అంతమంది ఒక్కసారిగా నోళ్ళు తెరిచే చోటు దీవి మొత్తంలో ఇంకోటి లేదు మరి. ఓసారి పాస్టరుగారు నరకం గురించి గర్జిస్తుంటే ఈవిడ కళ్ళొత్తుకుంది. ఆయన పొంగిపోయారు. తీరా బయటికొచ్చాక, "పాపం, ఆయన వెనక దంతం ఎంత సలుపుతోందో!" అంది.

అలాంటి అక్క, లోపేటీ కూతురు లోసా బొటనవేలు చీకుతుంటే చూస్తూ ఊరుకోవడం అతనికి అంతుబట్టలేదు. పిల్లకి ఐదు నిండాయి. అతని భార్య సేయినీ పిల్ల వేలికి మిరపకాయ రాసింది. పిల్ల నంజుకుని మరీ చీకింది. ఆ వేలికి తల్లి గుడ్డ కట్టింది. రెండో చేతి వేలు ఉండనే ఉంది.

"మాన్పించాలా అక్కా?"

"మాన్పించక? పెద్ద పళ్ళొచ్చే వేళకి మానకపోతే ముందు పళ్ళు ఎత్తుగా వస్తాయి."

"అయితే రెండు కేకలేస్తా."

"కేకలేశావంటే నీ పళ్ళు రాలగొడతా! పాలపళ్ళేగా ఇంకా? మెల్లిగా అదే మానుతుంది. దాని జోలికి పోకు."

మాన్పించాలిట, జోలికి పోకూడదుట! లోపేటీకి బుర్ర తిరిగిపోయింది. పోనీ ఎదురు చెబుదామా అంటే, టోంగాలో పిల్లల మీద మొదటి హక్కు మేనత్తది. తండ్రి ఉత్త కావలివాడు.

మే నెల మొదటి ఆదివారం వచ్చింది. పిల్లలంతా కొత్త బట్టలేసుకుని, చర్చిలో నిలబడి బైబిలు వాక్యం అప్పజెప్పే పండగ. లోసా తన వాక్యం నిద్రలో కూడా వల్లెవేసింది. దాని బెంగల్లా ఒక్కటే.

"నా వేలు చూసి అందరూ నవ్వుతారా నాన్నా?"

"ఛ, ఎవరూ నవ్వరమ్మా," అన్నాడు గానీ, ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

పిల్ల లేచింది. జనాన్ని చూసింది. వేలు తిన్నగా నోట్లోకి పోయింది. వాక్యం రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లోసా కళ్ళనిండా నీళ్ళు.

పిసీలా లేచి నిలబడింది. అయిపోయింది, పిల్ల పరువు గంగపాలే అనుకున్నాడు, పాటల బృందంలో నిలబడ్డ లోపేటీ. ఆవిడ పిల్ల వైపు చూడలేదు. పాటల బృందం వైపు తిరిగింది.

"లోపేటీ! వేలు నోట్లో పెట్టుకో."

"ఎవరి వేలక్కా?"

"నీదేరా! పెట్టుకో అంటున్నానా?"

పెట్టుకున్నాడు. గుమ్మం పట్టని మనిషి, మెడకి టై, నడుముకి టోంగావాళ్ళు పండక్కి చుట్టుకునే చాప, నోట్లో బొటనవేలు.

"పక్కన మీరేం దిక్కులు చూస్తున్నారు? మీరూను!"

వాళ్ళంతా వరసకి ఆవిడ తమ్ముళ్ళే. బొంగురు గొంతులవాళ్ళంతా వేళ్ళు నోట్లో కుక్కుకున్నారు. చర్చి ఘొల్లుమంది. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు. లోసా తెల్లబోయి చూసి చూసి, పకపకా నవ్వింది. నవ్వడానికి వేలు అడ్డమని తీసేసింది. ఆ ఊపులోనే వాక్యం మొదటినుంచి చివరిదాకా గడగడా చెప్పేసింది.

పండగ విందు దగ్గర లోపేటీ అక్క ముందు నిలబడి ఏదో గొణిగాడు.

"ముందు వేలు తీసి మాట్లాడరా!"

"తియ్యమని నువ్వు ఇంతవరకూ అంటేగా! రెండు పాటలు దీంతోనే పాడాను. ఇంతకీ దాని వేలు తియ్యమనకుండా నా వేలెందుకు పెట్టించావక్కా?"

"భయపడ్డ పిల్లకున్న ఒక్క ఆసరా లాగేస్తామా? నవ్వేవాళ్ళు నిన్ను చూసి నవ్వుకోనీ అనుకున్నా. పాపం, దాని మొహం ఎలా అయిపోయిందో చూశావా?"

"నువ్వు మొహాలు కూడా చూస్తావా అక్కా?"

ఆవిడ లోసాని దగ్గరికి పిలిచింది. కాల్చిన పంది ముక్కొకటి లోసా కుడిచేతిలో పెట్టింది. చేమదుంప ముక్కొకటి ఎడమచేతిలో పెట్టింది. ఇక ఆ పూటకి పిల్లకి చీకడానికి వేలు ఖాళీ లేకపోయింది.