తెరుచుకోని ప్రెస్

కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి ఎండాకాలంలో నన్ను పరాయి రాష్ట్రంలోని సిర్గిట్టి పారిశ్రామికవాడలో ఓ దుస్తుల ప్రింటింగ్ యూనిట్‌కు ప్రొడక్షన్ ఇన్‌ఛార్జిగా వేశారు. రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగ్ అదే. రైల్వే ట్రాక్ పనివాళ్లు తొడుక్కునే నారింజరంగు జాకెట్ల మీద అక్షరాలు అచ్చువేసేవాళ్లం. అచ్చయిన రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. హీట్ ప్రెస్‌లో వేడి పట్టించకపోతే రెండు ఉతుకులకే ఊడిపోతుంది. కింద బల్ల, పైన కాలే పలక. మీట నొక్కితే గాలి ఒత్తిడితో పలక దిగుతుంది, టైమర్ మోగగానే లేస్తుంది.

ఆ మధ్యాహ్నం ప్రెస్ దగ్గర పైడితల్లి ఉంది. పక్కబల్ల మీద జాకెట్లు మడతపెడుతున్నది ఆమె వదిన గౌరి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్లది. జాకెట్ సర్దుతూ పైడితల్లి మీట నొక్కింది. మెడకు చుట్టుకున్న చున్నీ చెంగు పలక కింద ఇరుక్కుంది. అంతలో కరెంటు పోయింది. టైమర్ ఆగింది. గాలి మాత్రం పలకను అలాగే అదిమిపట్టింది.

"ఓలమ్మో, ఏటైపోనాది!" అంటూ గౌరి ఆడపడుచును వెనక్కి లాగింది. ఉరి బిగిసింది. పైడితల్లికి గొంతు పెగల్లేదు.

"లాగొద్దు! ముందుకి తొయ్యి!" అని అరిచాను.

"మొకం కాలిపోద్ది మేడమ్! నాను తొయ్యలేను!"

ఆమె అన్నదీ నిజమే. పలక అంచు ముఖానికి జానెడు దూరంలో ఉంది. సెగ నాకే తగులుతోంది. జాకెట్ల కట్ట ఒకటి తీసి అంచుకూ ఆమె చెంపకూ మధ్య దూర్చి, పైడితల్లి తలను నేనే వేడి వైపు నెట్టాను. ఉరి వదులైంది. ఆమె ఈల వేసినట్టు ఊపిరి పీల్చింది. జాకెట్లు కమురు వాసన కొట్టసాగాయి.

"ఇలాగే పట్టుకో, కదపకు" అని గౌరికి అప్పగించి, యంత్రం వెనక్కి పరుగెత్తి గాలి గొట్టం ఊడబెరికాను. బుస్సుమంది. తిరిగొచ్చి పిడి పట్టుకుని పలకను రెండు చేతులా ఎత్తాను. చున్నీ చెంగు కరిగి జాకెట్‌కు అతుక్కుపోయి ఉంది.

పైడితల్లికి చెవి కింద బొబ్బలెక్కాయి. మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు నాతో అంది: "మేడమ్, అటేపు తోసినప్పుడు మీరు నన్ను సంపేస్తన్నారనుకున్నాను."

వెనక్కి పరుగెత్తి గొట్టం ఊడబెరికే పని లేకుండా, గాలి వదిలే మీట ఒకటి ప్రెస్ ముందు వైపున పెట్టించాం. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఎంత వేడి, ఎంతసేపు అన్నది నేను తర్వాతే చెప్పేదాన్ని. ముందు కరెంటు తీసేసి, మూసుకున్న పలకను వాళ్లచేతే తెరిపించేదాన్ని. భయం పుట్టాక బుర్ర పనిచేయదు, అలవాటైన చెయ్యి పనిచేస్తుంది.